ధ్రువీకరించిన మరక

సర్కిల్ ఆఫీసులో రబ్బర్లన్నీ బీరువాలో ఉంటాయి. బీరువా తాళంచెవి ట్రెజరీలో ఉంటుంది.

పూర్వం అలా ఉండేది కాదు. గీత తప్పితే చెరుపుకునేవాళ్ళు, మళ్ళీ గీసుకునేవాళ్ళు. అలాంటి రోజుల్లో ఎవడో కాంట్రాక్టరు, సంతకమూ ముద్రా పడ్డ డ్రాయింగ్‌లో ఒక స్తంభం మీద తెల్లరంగు పూసేశాడు. కాగితం మీద స్తంభం పోయింది. కొన్నాళ్ళకు ఊళ్ళో కప్పు పోయింది. అప్పుడు రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. "ధ్రువీకరణ పొందిన సాంకేతిక పత్రములయందు తదనంతరము ఎట్టి చేర్పులు, మార్పులు, తుడుపులు చేయరాదు. అట్టి పత్రము నిర్దుష్టమైనదిగా భావించవలెను."

ఉత్తర్వు మంచిదే. మంచి ఉత్తర్వులు ఎక్కడ చెడతాయంటే, వాటిని మనసా వాచా నమ్మే మనిషి చేతిలో పడ్డప్పుడు. సూపరింటెండింగ్ ఇంజనీరు, అంటే ఎస్.ఈ., సర్వోత్తమరావు గారు అలాంటి మనిషి. ఉత్తర్వు అందిన రోజే ఆయన ఆఫీసులోని రబ్బర్లన్నీ గోనెసంచిలోకి ఎత్తించారు. వైట్‌నర్ సీసాలను పంచనామా రాయించి పగలగొట్టించారు. పెన్సిళ్ళ వెనక గులాబీరంగు రబ్బరు తోకలుంటాయే, వాటిని బ్లేడుతో కోయించారు. తోకలు తెగిన పెన్సిళ్ళను పాత గుమాస్తాలు జేబుల్లో తలకిందులుగా పెట్టుకున్నారు.

ఆపైన ఆయన ఉత్తర్వుకు ఒక భాష్యం కూడా చెప్పారు. పత్రం నిర్దుష్టం. కాబట్టి పత్రానికీ స్థలానికీ తేడా వస్తే తప్పు స్థలానిది. సవరించాల్సింది స్థలాన్ని. ఈ భాష్యం ప్రకారమే ఒక ఊళ్ళో బడి ముఖం పొలాల వైపుకు తిరిగింది, వీధి వైపు గోడొచ్చింది. పిల్లలు గట్ల మీదుగా బడికి పోవడం నేర్చుకున్నారు. పిల్లలు కదా, ఏదైనా తొందరగా నేర్చుకుంటారు.

ఆ ఆఫీసుకు నూకరత్నం అసిస్టెంట్ ఇంజనీరుగా వచ్చి ఏడాది కాలేదు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. మాట్లాడినా చివర "సార్" అని ఒక మెత్తని గుడ్డ పరిచి మరీ మాట దించుతుంది. ఆమెకు స్వతంత్రంగా అప్పగించిన మొదటి పని జీడిగెడ్డవలసలో ఆరోగ్య ఉపకేంద్రం. అందులో అసలు సంగతి కాన్పుల గది.

జీడిగెడ్డవలసకూ పెద్దాసుపత్రికీ మధ్య గెడ్డ అని పిలిచే కొండవాగు ఉంది. ఎండాకాలం మేకలు దాటుతాయి. వానాకాలం లారీ కూడా దాటలేదు. గెడ్డ పొంగితే నొప్పులొచ్చిన ఆడవాళ్ళను డోలీ కట్టి కొండ చుట్టూ మోసుకుపోవాలి. అందరూ చేరరు. అక్కడి నర్సు ఎస్తేరు అద్దె ఇంటి వరండాలో చీర అడ్డం కట్టి కాన్పులు చేసి చేసి విసిగిపోయింది. నూకరత్నం స్థలం చూడ్డానికి వెళ్ళినరోజు ఆమె ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాత చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, నువ్వు గచ్చు నున్నగా వెయ్యకపోయినా పర్లేదు, సున్నం ఎయ్యకపోయినా పర్లేదు. గెడ్డ ఎక్కేలోగా నాకో గది ఇయ్యి. నాలుగు గోడలు, ఓ తలుపు, మధ్యన బల్ల. అంతే. అదిగో ఆ పిల్లను సూడు."

ఇసుక కుప్ప మీద కూచుని బంగారి అనే అమ్మాయి జీడిపండు రసం మోచేతిదాకా కార్చుకుంటూ తింటోంది. మనిషి వెదురుబద్దలా ఉంది. పొట్ట అప్పుడప్పుడే తెలుస్తోంది.

"తొలిచూలు. ఒంట్లో రక్తం లేదు. దీన్ని డోలీ ఎక్కించి కొండ చుట్టూ తిప్పితే ఇద్దర్లో ఒకరే దిగుతారు. గెడ్డ ఎక్కే రోజులూ దీని రోజులూ ఒకటే."

నూకరత్నం తలూపింది. ఊరికే తలూపే అలవాటు ఆమెకు లేదు.

*

డ్రాయింగ్ బాగా కుదిరింది. కాన్పుల గదికి వెలుతురొచ్చేలా పెద్ద కిటికీ, బల్ల చుట్టూ నర్సు తిరగడానికి చోటు, వేడినీళ్ళకు పక్కనే చిన్న గది. ఆ షీటు చుట్టచుట్టుకుని ఆమె ఎస్.ఈ. గారి గదిలోకి వెళ్ళింది.

ఆ గదిలో ఒక ఫ్యాను ఉంది. దాని రెగ్యులేటరు ఎప్పుడో కాలిపోయింది కనుక దానికి రెండే గతులు, ఆగడం, తుఫాను. తుఫానుకు కాగితాలు ఎగరకుండా గాజు పేపర్‌వెయిట్లు ఉండేవి కానీ, ఆడిట్‌లో ఒకటి తగ్గడంతో మిగిలినవాటిని రబ్బర్లతో పాటు బీరువాలో పెట్టేశారు. అప్పట్నుంచి కాగితాల మీద టీ గ్లాసులు పెట్టడం ఆఫీసు ఆచారం. ఎవరికి ఎన్ని ఫైళ్ళుంటే అన్ని టీలు తాగాలి. బయట కొట్టు నరసమ్మ టీలో పంచదార పాకంలా వేస్తుంది. అందుకని ప్రతి బల్ల మీదా గండుచీమల బారు ఉంటుంది. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఆ ఆఫీసులో ఆజ్ఞలతో పని లేకుండా తిరిగేవి చీమలొక్కటే.

సర్వోత్తమరావు గారు డ్రాయింగ్‌ను బల్ల మీద పరిపించారు. ఎగిరింది. చేతిలో ఉన్న గ్లాసు నడిమధ్యన పెట్టారు. ఆగింది. డ్రాయింగ్‌లో ఆయన చూసేది ఒక్కటే, సంతకం పెట్టే చోటు ఎక్కడుందని. చూశారు. పెట్టారు. గ్లాసు తీసి చివరి గుక్క తాగారు. "క్షుణ్ణంగా పరిశీలించి ధ్రువీకరించడమైనది" అన్న ముద్ర గట్టిగా కొట్టి ఇచ్చేశారు.

వరండాలోకి వచ్చి చూసుకుంటే కాన్పుల గది సరిగ్గా మధ్యన టీరంగులో గుండ్రంగా ఒక మరక ఉంది. ఒకవైపు కొంచెం తెగి ఉంది. ఆ తెగినచోటికి ఎదురుగా ఒక చుక్క.

నూకరత్నం దాన్ని హెడ్డుగుమాస్తా కొండలస్వామికి చూపించింది. ఆయనకు రాని నిబంధన లేదు, ఆయన దగ్గర పడి లేచిన ఫైలూ లేదు.

"మరక పడింది సార్. ఎస్.ఈ. సార్ గ్లాసు పెట్టారు."

"ఎప్పుడు? సంతకానికి ముందా, తర్వాతా?"

"ముందే సార్."

"అయితే మరక కాదమ్మా. తర్వాత పడితే మరక. ముందు పడితే డ్రాయింగ్."

"కొత్త షీటు మీద మళ్ళీ గీసిస్తాను సార్."

"అంటే ఇది తప్పని ఒప్పుకోవాలి. ఒప్పుకోడానికి ఫారం ఉంది, లేదనను. 'నేను ధ్రువీకరించినది దోషభూయిష్టము' అని ధ్రువీకరించిన అధికారే సంతకం చెయ్యాలి. కానీ దోషం చేసినవాడికి ధ్రువీకరించే అధికారం పోతుంది. అధికారం పోయినవాడి సంతకం ఫారం మీద చెల్లదు. చెల్లకపోతే దోషం లేనట్టే. దోషం లేనప్పుడు ఫారం ఎందుకు?" కొండలస్వామి ఆ ఫారాన్ని మనసులోనే నింపి, మనసులోనే తిరస్కరించి, ఊపిరి వదిలాడు. "వెళ్ళి సార్‌నే అడుగు. నేనైతే అడగను."

ఆమె వెళ్ళి అడిగింది. సర్వోత్తమరావు గారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, ఆ డ్రాయింగ్‌ను మొదటిసారి చూశారు.

"ఏమిటమ్మా ఇది?"

"టీ మరక సార్."

"నేను మరకను ధ్రువీకరించానంటావా?"

నూకరత్నం డ్రాయింగ్‌ను ఆయన వైపు ఇంకొంచెం జరిపింది.

"ముద్ర చదువు. పైకి చదువు."

"క్షుణ్ణంగా పరిశీలించి ధ్రువీకరించడమైనది."

"క్షుణ్ణంగా పరిశీలించాక మరక మిగులుతుందా? మిగలదు. కనుక ఇది మరక కాదు. ఇది ఏమిటన్నది తేల్చుకోవాల్సిన బాధ్యత మన మీద ఉంది." ఆయన గంట కొట్టారు. "సంఘం వెయ్యండి."

*

వృత్త నిర్ధారణ సంఘం మర్నాడే సమావేశమైంది. సంఘంలో ముగ్గురు ఇంజనీర్లు, రాసుకోవడానికి కొండలస్వామి, తిట్లు తినడానికి నూకరత్నం. డ్రాయింగ్‌ను గాజుపలక కింద పెట్టారు. చీమలు పలక అంచున తిరుగుతున్నాయి. వాటికి మాత్రం ఆ వృత్తం ఏమిటో బాగా తెలుసు.

స్కేలు పెట్టి కొలిచారు. కొలత ప్రకారం అడ్డంగా ఓ మనిషి పడుకోగా మిగిలేంత గుండ్రటి గోడ అని తేలింది. మరక మందాన్ని బట్టి అర అడుగు మందం.

"గోధుమరంగు గీత అంటే మట్టిపని," అన్నారు ఒక ఇంజనీరు.

"టేకుకూ అదే రంగు వాడతాం," అన్నారు రెండో ఆయన.

"మట్టికీ టేకుకూ మధ్యేమార్గంగా ఇటుక వాడుకోవచ్చు," అని మూడో ఆయన సర్దిచెప్పారు. ఇటుక ఖాయమైంది.

వృత్తం తెగినచోట ద్వారం అని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. కొలిస్తే ద్వారం వెడల్పు జానెడు. ఎదురుగా ఉన్న చుక్కను స్తంభమన్నారు. ఎత్తు డ్రాయింగ్‌లో లేదు కాబట్టి, ఆపమని ఎక్కడా లేదు కాబట్టి, గోడ పైకప్పు దాకా పోవాలని తీర్మానించారు. ప్రయోజనం అన్న గడిలో "ప్రయోజనము తదుపరి తెలియపరచబడును" అని రాశారు.

నూకరత్నం మెల్లగా లేచింది. "గది మధ్యన గుండ్రంగా గోడొస్తే కాన్పు బల్ల ఎక్కడ వెయ్యాలి సార్?"

"బల్ల ఫర్నిచరమ్మా," అన్నారు మొదటి ఇంజనీరు ఓపిగ్గా. "ఫర్నిచరు మన శాఖ కాదు."

"నర్సు లోపలికి ఎలా వెళ్ళాలి సార్? ద్వారం జానెడే ఉంది."

"నర్సు ఆరోగ్యశాఖ."

"పురుడు పోసుకునే మనిషి సార్?"

 ఆ మనిషి ఏ శాఖో ఎవరికీ తట్టలేదు. కొండలస్వామి ఆ ప్రశ్నను సమావేశపు పుస్తకంలోంచి కొట్టేద్దామనుకున్నాడు గానీ, కొట్టివేతలు నిషేధం కనుక దాన్ని అసలు రాయలేదు.

*

"ఇదేటమ్మా మేడమ్‌గారూ?" అన్నాడు కాంట్రాక్టరు దాలినాయుడు డ్రాయింగ్ నకలు పట్టుకుని. గోడలు లేచాయి, కప్పు వేయడం అయింది, ఇప్పుడు మధ్యన ఈ పని వచ్చి పడింది. "గదిలోన నుయ్యి తవ్వమంటారేటి?"

"తవ్వొద్దు బాబుగారూ. పైకి కట్టాలి. కప్పు దాకా."

"దేనికమ్మా?"

"తదుపరి తెలియపరుస్తారు."

దాలినాయుడు జీవితంలో చాలా కట్టాడు. నీళ్ళు లేని చోట రేవు కట్టాడు, రోడ్డు లేని చోట కల్వర్టు కట్టాడు. అడగడం ఎప్పుడో మానేశాడు. మేస్త్రిని పిలిచి గుండ్రంగా ముగ్గు పోయించాడు. ముగ్గు పోసేసరికి బంగారి, ఎస్తేరు సిస్టరు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. బంగారికి పొట్ట బాగా ముందుకొచ్చింది.

"ఓలమ్మా! గదిలోన గాదె కట్టేస్తన్నారేటే!" అంది బంగారి. "ఒడ్లు పోసుకుంటారేటి సిస్టరమ్మా?"

"ఒడ్లు కాదు, నిన్నే పోస్తారు అందులో," అంది వెనకనుంచి ఒక ముసలమ్మ. "పైనుంచి దించీసి, పిల్లడు పుట్టినాక కింద కంతలోంచి లాగెత్తారు."

అందరూ నవ్వారు. బంగారి కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆ జానెడు కంత వైపు చూసి ఆగిపోయింది.

ఎస్తేరు నవ్వలేదు. నూకరత్నాన్ని పక్కకు పిలిచింది. "బల్ల లోపలికి పోదు. బయట పట్టదు. గోడకీ దీనికీ నడుమ నేను అడ్డంగా నడవాలి. నాకొక్క మాట సెప్పు. ఎవరు అడిగేరు దీన్ని?"

"ఎవరూ అడగలేదు సిస్టర్. టీ గ్లాసు."

 ఎస్తేరు ఆకాశం వైపు చూసింది. కొండ మీద మబ్బు కూచుని ఉంది. "ప్రభువా, నువ్వు వాళ్ళని క్షమించు. నాకు తీరుబడి లేదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

*

ఇంతటితో ఆగి ఉంటే అది ఒక ఊరి కర్మ. కానీ అదే సమయంలో రాజధాని నుంచి ఒక పెద్దాయన తనిఖీకి వచ్చారు. ఆయన విదేశాలు తిరిగి వచ్చిన మనిషి. మామూలు గదులు చూసి చూసి విసుగెత్తి ఉన్నారు. కాన్పుల గదిలో అడుగుపెట్టి, గుండ్రటి గోడ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, జానెడు కంతలోంచి లోపలి చీకటిని చూసి, నిట్టూర్చారు.

"అద్భుతం. ఏమిటిది?"

 సర్వోత్తమరావు గారి నోటికి ఒకటే మాట వచ్చింది. "మాతృవృత్తం సార్."

అనగానే ఆయనకే నచ్చింది. "ప్రకృతిలో చతురస్రం లేదు సార్. గర్భం గుండ్రం, గూడు గుండ్రం, భూమి గుండ్రం. కాన్పుల గదిని మాత్రం మనం పెట్టెలా కడుతున్నాం. ఈ ఆలోచన నన్ను చాలాకాలంగా వేధిస్తోంది."

"జానెడు ద్వారం?"

"జన్మకు ప్రతీక సార్. సంకటంలోంచి వెలుగులోకి."

"ఆ స్తంభం?"

సర్వోత్తమరావు గారు స్తంభం వైపు తిరిగి, దాన్ని భుజం మీద తట్టినట్టు తట్టి, "తండ్రి సార్," అన్నారు. "ఏమీ చెయ్యలేక బయట నిలబడి ఉంటాడు."

పెద్దాయన కళ్ళు చెమర్చాయి. వారం తిరిగేసరికి మాతృవృత్తం నమూనా డిజైను అయింది. జిల్లాలో కట్టబోయే ఉపకేంద్రాలన్నింటిలో ఉండాలని ఆదేశం వచ్చింది. అయితే ప్రతి డ్రాయింగ్ మీదా వృత్తం ఒకేలా రావాలి కదా. కంపాస్‌తో గీస్తే నున్నగా వచ్చింది, కంత రాలేదు, చుక్క రాలేదు. చివరికి నరసమ్మ కొట్టులోని ఆ గ్లాసునే వెతికి పట్టుకుని, అడుగు కొలిచి, సీలు వేసి, సాంకేతిక పరికరాల జాబితాలో చేర్చారు. టీ చిక్కదనం మారితే గోడ మందం మారుతోందని ఒక పరిశీలన వచ్చింది. నరసమ్మకు మెమో ఇచ్చారు.

"పాలు నీళ్ళు కలిసి టీ అవుతాది గానీ, కాయితం కలిసి అవుతాదేటి?" అని నరసమ్మ ఆ మెమోతోనే పొయ్యి అంటించింది. దాన్నే వివరణగా స్వీకరించి ఫైలు ముగించారు.

*

జీడిగెడ్డవలసలో గది సిద్ధంగా ఉంది, తాళం వేసి ఉంది. ఆరోగ్యశాఖకు అప్పగించాలంటే చివరి కాగితం ఒకటి కావాలి. కట్టడం పూర్తయ్యాక, కట్టింది కట్టినట్టుగా గీసిన డ్రాయింగ్. దాన్ని కూడా ఎస్.ఈ. గారు ధ్రువీకరించాలి. ఆ డ్రాయింగ్ గీయాల్సింది నూకరత్నమే.

ఆమె రెండు రోజులుగా ఆ తెల్ల షీటు ముందు కూచుంది. ఎస్తేరు పొద్దుటే ఫోన్ చేసింది. గెడ్డలో మోకాలు లోతు నీళ్ళు. బంగారికి కాళ్ళు వాచాయి. వాళ్ళ మామ డోలీకి గడకర్ర కోసుకొచ్చి వాకిట్లో పెట్టాడు.

"సూస్తంటే గుండె ఆగిపోతోంది అమ్మాయ్," అంది ఎస్తేరు. "ఆ కర్ర పచ్చిది. ఆరనే లేదు."

నూకరత్నం ఫోన్ పెట్టేసి ఇటు చూసింది. గాజుపలక కింద ఉన్న పాత డ్రాయింగ్, దాని మీద వృత్తం. ధ్రువీకరించిన పత్రంలో తప్పు ఉండదు. తేడా వస్తే తప్పు స్థలానిది. ఆమె ఆ భాష్యాన్ని మనసులో ఒకసారి అటు నుంచి ఇటు చదువుకుంది. తర్వాత ఇటు నుంచి అటు చదువుకుంది. తిరగేసి చదివినా అది అంతే బలంగా ఉంది.

స్కేలు తీసుకుని గీసింది. నాలుగు గోడలు. తలుపు. కిటికీ. మధ్యన ఏమీ లేదు.

అది అబద్ధమని ఆమెకు తెలుసు. బయటపడితే ఖాయం కాని ఉద్యోగం ఖాయంగా పోతుందనీ తెలుసు. షీటు చుట్టి ఎస్.ఈ. గారి గదిలోకి వెళ్ళింది.

సర్వోత్తమరావు గారు మాతృవృత్తం మీద రాజధానిలో ఇవ్వబోయే ఉపన్యాసం దిద్దుకుంటున్నారు, అంటే కొత్త వాక్యాలు చేర్చుకుంటున్నారు. ఫ్యాను తుఫానులో ఉంది. ఆమె షీటు పరిచి, ఆయన చెయ్యి గ్లాసు మీదకు పోయేలోపే రెండు అరచేతులతో రెండు అంచులూ అదిమి పట్టుకుంది.

"గ్లాసు పెట్టనా?"

"వద్దు సార్. నేను పట్టుకుంటాను."

ఆయన సంతకం చోటు చూశారు. పెట్టారు. ముద్ర ఎత్తారు. సరిగ్గా అప్పుడే బల్ల అంచు నుంచి ఒక గండుచీమ షీటు మీదకు ఎక్కి, ప్రహరీగేటు బొమ్మ పక్కన ఆగి, మీసాలు ఆడించింది. ఆమె రెండు చేతులూ అంచుల మీదే ఉన్నాయి.

ముద్ర పడింది.

*

తేడా బయటపడ్డానికి ఎక్కువసేపు పట్టలేదు. సాయంత్రానికల్లా కొండలస్వామి రెండు డ్రాయింగులూ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వృత్త నిర్ధారణ సంఘం మళ్ళీ కూచుంది. ఈసారి సర్వోత్తమరావు గారు స్వయంగా అధ్యక్షత వహించారు. ఆయన ముఖం సున్నం వేసిన గోడలా ఉంది.

"ఏమ్మా! స్థలంలో వృత్తం ఉందా లేదా?"

"ఉంది సార్."

"మరి దీన్లో లేదే? తప్పు గీశావా?"

నూకరత్నం తల వంచుకునే చెప్పింది. "నేను గీసింది తప్పయితే ముద్ర పడేదా సార్?"

 రెండో డ్రాయింగ్ తప్పంటే, తప్పును క్షుణ్ణంగా పరిశీలించి ధ్రువీకరించినవాళ్ళు ఎవరు? మొదటిది తప్పంటే, మాతృవృత్తం ఏమిటి? కొండలస్వామి ఫారం ఉన్న సొరుగు వైపు చూశాడు. సర్వోత్తమరావు గారు కూడా అటే చూశారు. చూసి, చూపు తిప్పుకున్నారు.

"రెండూ సరైనవే," అన్నారు చివరికి.  "కానీ ఎలా?"

"మొదటిదాని ప్రకారం కట్టారు సార్," అంది నూకరత్నం. "రెండోదాని ప్రకారం లేదు. కాబట్టి మధ్యలో తీసేసి ఉండాలి."

"ఎవరు తీసేశారు?"

"తీసేసినవాళ్ళు ఇంకా రాలేదు సార్."

కొండలస్వామి ముఖం ఒక్కసారి వెలిగింది. ఇంత నిర్దుష్టమైన వాదన ఆయన సర్వీసులో వినలేదు. పెన్ను తీశాడు. "అలాగైతే పత్రం ముందుంది, స్థలం వెనకబడింది. స్థలాన్ని పత్రానికి సమానం చెయ్యడానికి మన భాష్యంలో ఏ అడ్డూ లేదు సార్." అప్పటికప్పుడు ఉత్తర్వు రాశాడు. "జీడిగెడ్డవలస ఉపకేంద్రమునందు ఇప్పటికే తొలగింపబడియున్న వృత్తాకార నిర్మాణమును తక్షణమే తొలగించవలెను."

సర్వోత్తమరావు గారు సంతకం పెట్టారు. పెట్టాక ఆయన కళ్ళలో మళ్ళీ ఆ వెలుగొచ్చింది. "చూడండి. ఇది మాతృవృత్తం రెండో దశ. వృత్తం ఉంటుంది. కనిపించదు. మిగతా ఊళ్ళన్నిటికీ ఇదే నమూనా వర్తింపజేయండి." ఉపన్యాసం కాగితాలు ముందుకు లాక్కుని ఒక వాక్యం చేర్చారు.

దాలినాయుడు తాళం తీయించి కూలీలను పంపేలోపే ఊళ్ళో ఆడవాళ్ళు గునపాలు పట్టుకుని వచ్చేశారు. ముందు దెబ్బ ముసలమ్మ వేసింది, జానెడు కంత దగ్గర. స్తంభాన్ని మాత్రం బంగారి మొగుడు పడగొట్టాడు. తండ్రి అట కదా, నాకొదిలీండి, అన్నాడు. వాన మొదలయ్యేసరికి ఇటుకముక్కలు వాకిట్లో గుట్టగా పడి ఉన్నాయి, గది మధ్యన బల్ల వేసి ఉంది. గెడ్డ ఆ రోజే ఎక్కింది. డోలీకి కోసిన పచ్చికర్ర మీద ఎస్తేరు సిస్టరు గుడ్డలు ఆరేసింది.

బంగారికి ఆడపిల్ల. తల్లి నోరు విప్పి మొదట అడిగింది, "సిస్టరమ్మా, గది బాగుందా?" అని.

*

గెడ్డ నీళ్ళు తగ్గాక నూకరత్నం జీడిగెడ్డవలస వెళ్ళింది. ఉద్యోగం ఖాయమైన కాగితం ఆమె సంచిలో ఉంది. ఎస్తేరు పిల్లను ఎత్తుకొచ్చి ఆమె చేతిలో పెట్టి, టీ తెచ్చింది. గ్లాసు ఎక్కడ దించాలా అని చుట్టూ చూసి, నూకరత్నం దాన్ని ఖాళీ అయ్యేదాకా చేతిలోనే పట్టుకుంది.

గేటు దగ్గర దాలినాయుడు సిమెంటు కలిపించుకుని ఎదురుచూస్తున్నాడు. చేతిలో రెండో డ్రాయింగ్ నకలు. ముద్ర అంచు కింద గేటుకు ఆనుకుని నల్లగా ఉన్నదాని మీద వేలు పెట్టాడు.

"కొలిస్తే మేకపిల్లంత వచ్చింది మేడమ్‌గారూ. ఇదేటమ్మా?"

"చీమ బాబుగారూ."

దాలినాయుడు అడగడం ఎప్పుడో మానేసిన మనిషి. కానీ ఆ రోజు ఒక్కటి అడిగాడు. "చీమకి ఆరు కాళ్ళు కదమ్మా? మా మేస్త్రి ఆరు ఊచలు కోసీసినాడు."

నూకరత్నం నకలును వెలుతురుకు పెట్టి చూసింది. ముద్ర కొట్టిన ఊపుకు ఒక కాలు ఊడిపోయినట్టుంది. పసిపిల్లను ఇంకో భుజం మీదకు మార్చుకుంది.

"డ్రాయింగ్‌లో ఐదే ఉన్నాయి," అంది. "ఐదే పెట్టండి."